కూర్మస్మరణ - నల్ల ఇసుక తీరం



టపా రాసి చాలా రోజులైంది. కంటి శస్త్రచికిత్స ఒక కారణం, బద్ధకం రెండవది. ఈసారి రాయదలచిన విషయం నా చదువుకు దూరమైనది. ఛందస్సు గురించో, పదవ్యుత్పత్తి గురించో రాస్తాననుకొని వచ్చిన పాత మిత్రులు మన్నించాలి. అయినా ఈ కథ మొదలయ్యేది ఒక ఉపమానంతోనే.

గురువు శిష్యుణ్ణి అనుగ్రహించే తీరులు మూడని మన పెద్దలు చెబుతారు. పక్షి గుడ్లను పొదిగినట్లు స్పర్శతో, చేప తన పిల్లలను పెంచినట్లు చూపుతో, తాబేలు తన గుడ్లను తలచినట్లు తలపుతో. తల్లి తాబేలు ఒడ్డున గుడ్లు పెట్టి నీటిలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వెనుదిరిగి చూడదు. నీటి అడుగున ఉండి వాటినే తలచుకొంటుంది. ఆ తలపు వేడికే గుడ్లు పొదిగి పిల్లలవుతాయట. నేను దీనికి కూర్మస్మరణ అని పేరు పెట్టుకొని, ఉద్యోగం చేసిన ముప్పై నాలుగేళ్లూ ప్రతి తరగతికీ చెప్పాను. కూర్మము, కమఠము, కచ్ఛపము అని అమరం చెప్పిన పర్యాయపదాలు, ఆడ తాబేలుకు డులి అనే పేరు కూడా ఉందన్న విశేషం, అన్నీ వల్లె వేయించాను.

అందులో పన్నెండేళ్లు శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఉన్నత పాఠశాలలో పనిచేశాను. ఒక శివరాత్రి వెళ్లిన వారంలో, ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు తువ్వాలులో మూటగట్టి ఇరవై గుడ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తెల్లగా, గుండ్రంగా, చేత్తో నొక్కితే సొట్టపడేలా ఉన్నాయి. "మాస్టారూ, మీరు చెప్పిన కూర్మం గుడ్లివే" అన్నాడు వాడు. నేను ముక్కు మూసుకొని, "అవతల పారేసి చేతులు కడుక్కొని రా" అన్నాను. వాడు పారేశాడు. ఆ రోజు పాఠం ఏమిటో గుర్తులేదు గాని, పెంకులు పగిలిన చోట కాకులు వాలడం గుర్తుంది.

దీన్ని మళ్లీ తవ్వి తీసింది మా మనవరాలు. మా అమ్మాయి కూతురు, అమెరికాలో పుట్టి పెరిగినది. నిరుడు వేసవి సెలవులలో మధ్య అమెరికాలోని కోస్టారికా దేశానికి, కరీబియన్ సముద్రపు ఒడ్డున సముద్రపు తాబేళ్లను కాపాడే ఒక శిబిరానికి స్వచ్ఛంద సేవకురాలిగా వెళ్లింది. ఆరు వారాలు ఉంది. ఉండడానికీ తినడానికీ వారానికింత అని తానే చెల్లించింది. "డబ్బిచ్చి మరీ చాకిరీ చేయడమేమిటే!" అని మా ఆవిడ ఆశ్చర్యపడింది. నిజం చెప్పాలంటే నేనూ పడ్డాను. ఆ ఆశ్చర్యమే నన్ను ఈ చరిత్ర చదివేలా చేసింది.

అది ఉత్తరాలు రాసేది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాలలో. నేను వాటిని తెలుగు లిపిలోకి మార్చుకొని దాచుకొన్నాను. "తాతయ్యా, ఇక్కడ గోడలు లేవు. గుంజల మీద పలకలు పరచి, పైన తాటాకులాంటి ఆకులు కప్పారు, అంతే. దోమతెర ఒక్కటే నా గది. వాన నీళ్లతో స్నానం. మరుగుదొడ్డిలో నీళ్లు ఉండవు, రంపపు పొట్టు చల్లాలి. అమ్మమ్మకు చెప్పకు." ఎండ పలకలతో పుట్టే కాస్త కరెంటు వంటింటికీ రేడియోకూ సరిపోతుంది. రాత్రి ఒడ్డున తెల్లని దీపం వెలిగించడం నిషిద్ధం. నల్ల బట్టలు, ఎర్ర గాజు దీపం. నడక నాలుగు గంటలు. తిండి కొబ్బరిపాలతో వండిన అన్నం, అందులో చిక్కుడు గింజలు. ఆ వంట జమైకానుంచి వచ్చినదట. 1870 తర్వాత అక్కడి రైలుమార్గం వేయడానికీ, ఆపైన అరటి తోటలలో పనికీ జమైకా నుంచి నల్లజాతి కూలీలను తీసుకువచ్చారు. వారి సంతతే నేటి లిమోన్ తీరవాసులు. ఈ మాట గుర్తుంచుకోండి, కథలో దీనితో పని ఉంది.

ఇక చరిత్ర.

1503లో కొలంబస్ తన నాలుగవ యాత్రలో రెండు చిన్న దీవుల పక్కగా పోతూ, చుట్టూ నీళ్లలో ఉన్న తాబేళ్లను చూసి వాటికి తాబేళ్ల దీవులని పేరు పెట్టాడు. నేటి కేమన్ దీవులవి. తరువాతి మూడు శతాబ్దాలలో ఆ తాబేళ్లే ఐరోపావారి ఓడలకు అన్నదాతలయ్యాయి. కారణం చాలా క్రూరమైనది. తాబేటిని వెల్లకిలా తిప్పి ఓడ పైభాగంలో పడేస్తే, అప్పుడప్పుడు నీళ్లు చల్లుతుంటే చాలు, తిండి లేకుండా వారాల తరబడి బతికి ఉంటుంది. మంచుపెట్టెలు లేని కాలంలో అంతకుమించిన తాజా మాంసం మరొకటి లేదు. ఆ విధంగానే లండన్ చేరి, నగర ప్రముఖుల విందులలో పచ్చ తాబేటి సూపు గౌరవ చిహ్నమైంది. ఈ తాబేలు పైకి పచ్చగా ఉండదు. దాని కొవ్వు పచ్చన. కొనలేనివారు దూడ తలకాయతో నకిలీ సూపు వండుకొనేవారు. ఆలిస్ కథలో ఏడ్చే వింత జంతువు పేరు వెనుక ఉన్నది ఈ నకిలీ సూపే.

తెల్లవారికి ఈ విషయంలో తెలివి రాలేదనడం న్యాయం కాదు. బెర్ముడా శాసనసభ 1620లోనే చిన్న తాబేళ్లను చంపరాదని చట్టం చేసింది. చేసింది గాని, ఆ దీవిలో గుడ్లు పెట్టే తాబేళ్లు చివరికి మిగలలేదు. కేమన్ దీవులలోనూ అంతే. అక్కడివారు తమ తాబేళ్లు తరిగిపోగానే క్యూబా తీరానికీ, తర్వాత నికరాగువా తీరానికీ ఓడలు తిప్పారు. ఇరవయ్యవ శతాబ్దం నడుమకు వచ్చేసరికి పడమటి కరీబియన్‌లో పచ్చ తాబేళ్లు పెద్ద ఎత్తున గుడ్లు పెట్టే చోటు దాదాపు ఒక్కటే మిగిలింది. దాని పేరు టోర్టుగ్వేరో. స్పానిష్‌లో తాబేళ్లకు సంబంధించిన చోటు అని అర్థం. సుమారు 35 కిలోమీటర్ల నల్లని ఇసుక తీరం, అగ్నిపర్వతాల బూడిద నుంచి పుట్టిన ఇసుక. ఒక పక్క సముద్రం, మరో పక్క కాలువ, ఆవల చిట్టడవి. నేటికీ ఆ ఊరికి రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో పోవాలి.

అక్కడ తాబేళ్లను పట్టేవారిని వెలడోర్ అనేవారు. రాత్రి మేలుకొని కాపు కాసేవాడు అని ఆ మాటకు అర్థం. తీరాన్ని మైళ్ల చొప్పున పంచి, ఒక్కొక్క మైలూ ఒక్కొక్కరికి అప్పగించేవారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తల్లిని వాడు వెల్లకిలా తిప్పేవాడు. మరునాడు దాని రెక్కకు తేలిక కర్ర దుంగ కట్టి సముద్రంలోకి వదిలేవారు. అది ఎటూ మునిగిపోలేక తేలుతూ ఉంటే, పడవవాళ్లు వచ్చి ఎక్కించుకొనేవారు. మరికొందరు అంత శ్రమ కూడా పడేవారు కాదు. సూపుకు చిక్కదనమిచ్చే మృదులాస్థి తాబేటి పొట్టచిప్పకు అంటి ఉంటుంది. దాన్ని మాత్రం కోసుకొని మిగతా శరీరాన్ని ఒడ్డునే వదిలేసేవారు. నేను ఇది చదివిన రోజు రాత్రి అన్నం సయించలేదు.

ఆ తీరానికి 1950ల తొలినాళ్లలో ఒక అధ్యాపకుడు వచ్చాడు. ఆర్చీ కార్, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పేవాడు. 1909లో పుట్టి 1987లో మరణించాడు. అతడు వెతుకుతూ వచ్చింది నిజానికి పచ్చ తాబేటిని కాదు, రిడ్లే అనే మరో జాతిని. అట్లాంటిక్ రిడ్లే ఎక్కడ గుడ్లు పెడుతుందో అప్పటి శాస్త్రజ్ఞులెవరికీ తెలియదు. ఒడ్డు వెంట ఊరూరా తిరిగి, జాలరులతో, సారాకొట్టు యజమానులతో, వంటలక్కలతో మాట్లాడుతూ అతడు సాగించిన యాత్ర 'ది విండ్‌వర్డ్ రోడ్' అనే పేరుతో 1956లో పుస్తకమైంది. అందులో టోర్టుగ్వేరో గురించిన అధ్యాయానికి ఆ ఏడే ఓ. హెన్రీ పేరిట కథలకిచ్చే బహుమానం వచ్చింది. తాబేళ్ల శాస్త్రజ్ఞుడికి కథకుల బహుమానం! మన భాషలో శాస్త్రం రాసేవారు ఒకసారి ఈ సంగతి ఆలోచించాలి. (రిడ్లే చిక్కు విడిపోవడం కూడా విచిత్రమే. 1947లో ఒక మెక్సికో ఇంజనీరు తీసిన చలనచిత్రంలో వేల తాబేళ్లు పట్టపగలు ఒకే ఒడ్డున గుడ్లు పెడుతున్నాయి. ఆ చిత్రం 1961లో గాని శాస్త్రజ్ఞుల కంట పడలేదు.)

పుస్తకం అచ్చయిన కొద్ది కాలానికి న్యూయార్క్‌లో జాషువా పవర్స్ అనే ఆయన దాన్ని చదివాడు. పత్రికల వ్యాపారంతో సంబంధమున్నవాడు, తాబేళ్లతో ఏ సంబంధమూ లేనివాడు. ఇరవై ప్రతులు కొని స్నేహితులకు పంపాడు. పచ్చ తాబేటి సోదరబృందం అని సగం హాస్యంగా ఒక సంఘం పెట్టాడు. ఆ హాస్యమే 1959లో కరీబియన్ కన్సర్వేషన్ కార్పొరేషన్ అనే సంస్థగా స్థిరపడింది. 2010లో దాని పేరు సీ టర్టిల్ కన్సర్వెన్సీ అని మారింది. పుస్తకం చదివి కన్నీరు పెట్టుకొనేవారిని చూశాను గాని, చదివి ఇరవై ప్రతులు కొని పంచిన పాఠకుణ్ణి నా జీవితంలో చూడలేదు.

కార్ తన శిష్యులతో 1955 నుంచి ఆ ఒడ్డున శిబిరం వేసి, తాబేళ్లకు గుర్తుబిళ్లలు వేయడం మొదలుపెట్టాడు. మొదట చిప్ప అంచుకు తీగెతో కట్టిన బిళ్లలు నిలవలేదు. తర్వాత పశువుల చెవులకు వేసే లోహపు బిళ్లలు తెచ్చి ముందు రెక్కకు వేశారు. ఆ ఉపాయం ఫలించింది. బిళ్ల తిరిగి పంపినవారికి 5 డాలర్ల బహుమానం. ఎక్కడెక్కడినుంచో జాలరులు ఉత్తరాలు పంపసాగారు. ఎక్కువ బిళ్లలు నికరాగువాలోని మిస్కిటో తీరం నుంచి వచ్చాయి. అంటే టోర్టుగ్వేరోలో గుడ్లు పెట్టే తల్లులు మేతకు వెళ్లేది అక్కడికి. రెండు మూడేళ్లకొకసారి వందల మైళ్లు ఈది ఇదే ఒడ్డుకు తిరిగి వస్తున్నాయి. ఎలా దారి తెలుస్తుందన్న ప్రశ్న అమెరికా నౌకాదళానికి కూడా ఆసక్తి కలిగించింది. 1960లలో ఆ దళం వారి విమానాలలో వేల తాబేటి పిల్లలను పెట్టెలలో పెట్టి కరీబియన్ దీవుల ఒడ్డులకు చేరవేశారు. ఖాళీ అయిపోయిన ఒడ్డులు మళ్లీ నిండుతాయని ఆశ. నిండిన దాఖలా లేదు. శాస్త్రజ్ఞుల శ్రద్ధనూ సైన్యం ఖర్చునూ కలిపినా తాబేటి స్మృతిని మార్చలేకపోయారు.

ఇక స్వచ్ఛంద సేవకుల మాట. పరాయి దేశానికి పోయి శ్రమదానం చేసే ఆచారం తాబేళ్లతో పుట్టినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో స్విట్జర్లాండువాడైన పియెర్ సెరెసోల్, వెర్డన్ యుద్ధభూమి దాపున ధ్వంసమైన ఒక ఫ్రెంచి గ్రామంలో శిబిరం వేశాడు. ఆ ఊరి ఇళ్లు కట్టడానికి వచ్చినవారిలో నిన్నటి శత్రువులైన జర్మనులూ ఉన్నారు. ఊరివారికి అది మింగుడుపడక శిబిరం కొన్ని నెలలకే ముగిసింది. ఆయనే 1934 జనవరి భూకంపం తర్వాత బీహారు వచ్చి, కొద్దిమంది ఐరోపావారితో కలిసి పడిపోయిన పల్లెలను తిరిగి కట్టాడు. గాంధీజీని కలుసుకొన్నాడు. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాలలో నేను ఎక్కడా చూడలేదు. 1961లో అమెరికా ప్రభుత్వం పీస్ కోర్ పెట్టింది. ఆపైన 1971లో బోస్టన్‌లో ఎర్త్‌వాచ్ అనే సంస్థ ఒక కొత్త పద్ధతిని పట్టుకొంది. శాస్త్రజ్ఞులకు డబ్బూ లేదు, పనివారూ లేరు. సెలవులలో ఏదైనా పనికివచ్చే పని చేయాలని కోరుకొనే సామాన్యులున్నారు. వారే ఖర్చు భరించి, వారే పనిచేస్తే రెండూ తీరుతాయి. మా ఆవిడ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. వారం వారం మా మనవరాలు కట్టిన డబ్బులో కొంత వంట చేసే స్థానిక స్త్రీలకు, కొంత రాత్రి కాపలా తిరిగే యువకులకు జీతంగా పోతుంది. అది చేసిన చాకిరీకంటే అది కట్టిన డబ్బే ఎక్కువ ఉపయోగమని అదే రాసింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మంచి మనసుతో చేసిన పని మంచిదే కావాలన్న నియమం లేదు. 1970లలో లోకంలో అనేక ఒడ్డులలో తాబేటి గుడ్లను దొంగల నుంచి తప్పించడానికి ఇసుకలోంచి తీసి, ఫోము పెట్టెలలో పెట్టి పొదిగించేవారు. పిల్లలు పుట్టేవి, సముద్రంలో వదిలేవారు, అందరూ సంతోషించేవారు. 1982లో మోరియేల్, స్పోటిలా మొదలైన శాస్త్రజ్ఞులు టోర్టుగ్వేరో గుడ్లను పరిశీలించి రాసిన వ్యాసం ఆ సంతోషం మీద నీళ్లు చల్లింది. తాబేటి పిల్ల ఆడదా మగదా అన్నది పుట్టుకతో నిర్ణయం కాదు. గుడ్డు ఉన్న ఇసుక వేడిమిని బట్టి తేలుతుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ సమంగా ఉంటాయి, అంతకు తగ్గితే మగవి, పెరిగితే ఆడవి. ఒడ్డు ఇసుకకంటే పెట్టెలు చల్లన. అంటే అన్నేళ్లుగా ఎంతో ప్రేమతో, ఎంతో శ్రమతో, మగ పిల్లలను ఎక్కువగా పుట్టించి సముద్రంలో వదిలారన్నమాట. ఆ రోజులలో పనిచేసిన సేవకులు ఇది చదివినప్పుడు ఏమనుకొన్నారో!

నేను మాత్రం నా పాఠం గురించి అనుకొన్నాను. తల్లి తలపు వేడి అని ముప్పై నాలుగేళ్లు చెప్పాను. వేడి ఉన్న మాట నిజమే, అది ఇసుకది. ఉపమానాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తల్లి వెళ్లిపోవడం, గుడ్లు తమంత తామే పొదగడం, ఇంత వరకు మన పూర్వులు ఒడ్డున నిలబడి సరిగానే చూశారు. మిగతాది కల్పించుకొన్నారు. నేను ఒడ్డున నిలబడి కూడా చూడలేదు, ఆ తేడా ఉంది.

టోర్టుగ్వేరోను 1970లో జాతీయ ఉద్యానంగా ప్రకటించి, 1975లో చట్టంతో స్థిరపరచారు. సైన్యాన్ని రద్దుచేసుకొన్న దేశం అది, అటువంటి దేశానికి అడవుల మీదా ఒడ్డుల మీదా కాపలా పెట్టాలన్న ఆలోచన వచ్చింది. 1971 నుంచి 2003 దాకా అక్కడి పచ్చ తాబేటి గూళ్లు ఎన్నో రెట్లు పెరిగాయి. ఆ తర్వాతి ఏళ్లలో మళ్లీ తగ్గుతున్నాయని 2023లో వెలువడిన పరిశోధన చెబుతోంది. మరోవైపు, లోకమంతా కలిపి లెక్కవేస్తే పచ్చ తాబేలు కోలుకొందని, అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి దాన్ని 2025 అక్టోబరులో తప్పించారు. ఒకే జీవి, ఒక ఒడ్డున తగ్గుతూ, లెక్కలో పెరుగుతూ.

అదే లిమోన్ రాష్ట్రంలో, కాస్త దక్షిణంగా, మొయిన్ అనే ఒడ్డుంది. అక్కడ జాతీయ ఉద్యానం లేదు, కాపలా లేదు. తోలు వీపు తాబేళ్లు మార్చి నుంచి జూన్ దాకా వచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు తింటే మగతనం పెరుగుతుందన్న మూఢనమ్మకం వల్ల సారాకొట్లలో వాటికి గిరాకీ. మాదకద్రవ్యాల పడవలకూ ఆ నిర్జన తీరమే అనువు. రైలు వేయడానికి వచ్చి, అరటి తోటలు మూతపడ్డాక పనిలేక మిగిలిపోయినవారి సంతతి బతికే తీరమని ముందే చెప్పాను. గుడ్లు తవ్వేవారందరూ దుర్మార్గులు కారు. మా మనవరాలున్న శిబిరం దగ్గర సేవకులూ గుడ్లవాళ్లూ చీకట్లో ఎదురుపడితే పలకరించుకొనేవారట. గూటి దగ్గరకు ఎవరు ముందు చేరితే గుడ్లు వారివి, అదీ అక్కడి మర్యాద. కానీ మొయిన్‌లో ఆ మర్యాద చెడింది. 2012లో తుపాకులతో వచ్చినవారు గుడ్ల సంరక్షణ కేంద్రం మీద పడి గుడ్లు ఎత్తుకుపోయారు.

హైరో మోరా సాండోవల్ ఆ తీరంలోనే పుట్టిన యువకుడు. 2013 మే 30 రాత్రి నలుగురు విదేశీ స్వచ్ఛంద సేవకురాండ్రతో కలిసి మొయిన్ ఒడ్డున కాపలాకు వెళ్లాడు. ముగ్గురు అమెరికా అమ్మాయిలు, ఒకరు స్పెయిన్ దేశస్థురాలు. దారిలో అడ్డంగా పడి ఉన్న చెట్టును తీయడానికి బండి ఆపితే, ముసుగు మనుషులు చుట్టుముట్టారు. అమ్మాయిలు ఎలాగో తప్పించుకొని బయటపడ్డారు. మోరా తెల్లవారి ఒడ్డున శవమై కనిపించాడు. వయస్సు 26. 2015లో జరిగిన మొదటి విచారణలో హత్య కేసులో ముద్దాయిలు నిర్దోషులుగా బయటపడ్డారు. దేశంలో ఆగ్రహం పెల్లుబికింది. తిరిగి విచారణ జరిగి 2016లో నలుగురికి శిక్ష పడింది.

మా మనవరాలు బయలుదేరే ముందు ఈ సంగతి నాకు తెలియదు. తెలిస్తే వెళ్లవద్దనేవాణ్ణి. అది తిరిగి వచ్చాక అడిగాను, నీకు తెలుసా అని. "తెలుసు తాతయ్యా. అతని బొమ్మ మా శిబిరంలో గోడ మీద వేసి ఉంది. అక్కడ ఉన్నది అదొక్కటే గోడ" అంది. తరువాత కొంచెం ఆగి, "మేము ఆరు వారాలు ఉండి వచ్చేస్తాం. అతను వాళ్ల ఊళ్లోనే ఉండాలి కదా" అంది. పందొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట అంటుందని నేననుకోలేదు. విదేశీయులు వచ్చి కాపాడారన్న కథలలో నేను వెతికినా సరిగా దొరకనిది ఈ భాగమే. పుస్తకాలలో పేర్లు కార్‌వీ, పవర్స్‌వీ. బిళ్ల వేయడానికి తాబేటిని పట్టి నిలిపిన చేతులలో ఎన్నో నిన్నటి వెలడోర్లవి.

అదే దేశంలో పసిఫిక్ వైపు ఒస్టియోనాల్ అనే ఊరి పద్ధతి వేరు. అక్కడ ఆలివ్ రిడ్లేలు ఒకేసారి వేలకు వేలు ఒడ్డెక్కుతాయి. ముందు వచ్చినవాటి గుడ్లను వెనక వచ్చినవే తవ్వి పాడుచేస్తాయి. ఎటూ పాడయ్యేవే గనుక, మొదటి 36 గంటలలో పెట్టిన గుడ్లను ఊరివారు తీసి అమ్ముకోవచ్చునని 1987 నుంచి ప్రభుత్వమే అనుమతిస్తోంది. బదులుగా ఒడ్డు శుభ్రం చేయడం, దొంగల నుంచి కాపాడడం ఊరి బాధ్యత. ఇది సరియైనదా కాదా అన్న వాదం నేటికీ తెగలేదు. నాకైతే ఆకలినీ ధర్మాన్నీ ఒకే తరాజులో పెట్టిన ఆ పంచాయతీ మొయిన్‌కంటే నయమనిపిస్తుంది.

ఆ ఆలివ్ రిడ్లే మన తీరానిదే. ఒస్టియోనాల్‌లో వలె అవి గుంపులుగా వచ్చే చోట్లు లోకంలో వేళ్ల మీద లెక్కించదగినవి. ఒడిశాలో గహిర్‌మఠ సంగతి 1974లో శాస్త్రలోకానికి తెలిసింది, రుషికుల్యా నది నోటి సంగతి 1994లో. రుషికుల్యా మా శ్రీకాకుళానికి పొరుగే. మద్రాసులో 1970లలోనే రాములస్ విటేకర్, సతీశ్ భాస్కర్ మొదలైనవారు రాత్రిళ్లు ఒడ్డు వెంట నడిచి గుడ్లు కాపాడేవారు. 1988 నుంచి విద్యార్థుల సంఘమొకటి ఆ నడక సాగిస్తోంది. సతీశ్ భాస్కర్ కథ చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఇంజనీరింగు చదువు విడిచి తాబేళ్ల వెంట పడిన మనిషి. పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టేది వానాకాలంలో, ఆ కాలంలో లక్షదీవులలోని సుహేలీకి పడవలు పోవు. అందుకని 1982లో వానలకు ముందే ఆ నిర్జన దీవిలో దిగి, పడవలు మళ్లీ తిరిగేదాకా నెలల తరబడి ఒంటరిగా ఉన్నాడు. భార్యకు రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి సముద్రంలో వేస్తే, అది శ్రీలంక ఒడ్డుకు కొట్టుకుపోయి, ఒక జాలరి చేత చిక్కి, టపాలో ఆమెకు చేరింది. ఆయన 2023లో కన్నుమూశారు. శిబిరమంటే అది.

ఈ మాఘమాసంలో నేను పాత ఊరికి వెళ్లాను. పాఠశాలకు కొత్త గోడ వచ్చింది. ఒడ్డున సరుగుడు తోట దాటితే, వలతో చుట్టూ కంచె వేసిన చదరపు ఇసుక నేల, వరుసగా కర్రలు పాతి వాటికి చీటీలు. తాబేటి గుడ్ల సంరక్షణ కేంద్రం. కాపలా కుర్రవాడు జాలరి ఇంటివాడు, ఇరవై ఏళ్లుంటాయి. ఒడ్డున రెండు పెద్ద తాబేళ్లు చచ్చి ఉబ్బి పడి ఉన్నాయి. మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చాయని చెప్పాడు. నీటి జీవికి నీటిలోనే ఊపిరాడకపోవడం!

ఇసుక మీద పందిరి వేసి కొబ్బరి కమ్మలు కప్పి ఉన్నాయి. ఎందుకని అడగబోయాను. 1982 నాటి వ్యాసం గురించి చెప్పాలని నాకు మహా ఉబలాటంగా ఉంది. వాడే ముందు అందుకొన్నాడు. "ఎండ మరీ ఎక్కువైతే అన్నీ ఆడవే పుడతాయండి మాస్టారూ. మా రేంజరు గారు చెప్పారు. మధ్యాహ్నం నీళ్లు కూడా చల్లుతాం." నన్ను మాస్టారని ఎలా గుర్తుపట్టావంటే, మా నాన్న మీ దగ్గర చదివాడన్నాడు. ఏ సంవత్సరమో అడిగాను. ఆ తువ్వాలు తెచ్చిన కుర్రవాడు కాడు, వాడికంటే రెండు తరగతులు పెద్దవాడు. వాడేమయ్యాడని అడిగితే, వేటకు గుజరాత్ పోయాడు, పడవల మీద, అన్నాడు.

అప్పుడే రాత్రి తెచ్చిన గూడు లెక్క రాయాల్సి ఉంది. వాడి చేతులు ఇసుకతో తడిగా ఉన్నాయి. పుస్తకం నాకిచ్చి, రాయండి అన్నాడు. తేదీ వేసి, గూడు సంఖ్య వేసి, గుడ్లు 112 అని రాశాను. పక్క గడిలో పొదిగే తేదీ అని ఉంది. దాన్ని ఖాళీగా ఉంచమన్నాడు.